అంకెల ఎరుకలసాని

అరువది దాటిన మనిషికి క్రొత్తగా ఒక దూరదేశం మీద మనసు పడిందంటే లోకం నవ్వుతుంది. ఆ వయసుకు కాశీ, రామేశ్వరం, ఓపిక ఉంటే బదరి. పిల్లలు అమెరికాలో ఉంటే ఓ ఆరు నెలలు అక్కడ. మన వానప్రస్థపు పటం ఇంతే. నన్ను మాత్రం ఐస్‌లాండు పట్టుకొన్నది. అక్కడ నాకు చుట్టాలు లేరు, స్నేహితులు లేరు. పోవాలన్న సంకల్పమూ లేదు, పోగల స్తోమతూ లేదు. ముప్పది నాలుగేండ్లు గుంటూరు జిల్లా పాఠశాలల్లో తెలుగు చెప్పి ఇంటిపట్టున కూర్చున్న భాషాప్రవీణుణ్ణి నేను. అయినా ఉదయం పత్రిక చదవడం కాగానే నా చేయి ఆ దేశపు విశేషాలు వ్రాసుకొనే నోటుపుస్తకం మీదికే పోతున్నది.

"కాశీ వెళ్దామంటే మోకాళ్ళంటారు. మంచుదేశం మాటెత్తితే మాత్రం ఎక్కడలేని హుషారూ వస్తుంది మీకు" అని మా ఇంటావిడ ఎత్తిపొడుపు. అందులో న్యాయం లేకపోలేదు. కనుక ఈ మోజు ఎట్లా మొదలై ఎక్కడికి తీసికొనిపోయిందో చెప్పుకోవడం ధర్మం.

మొదట అది ఒక చిన్న వార్త. 2023 నవంబరు 10న ఐస్‌లాండులో గ్రిండవిక్ అనే చేపలరేవు ఊరిని, అందులోని సుమారు 3,800 మందినీ, ఒక్క రాత్రిలో ఖాళీ చేయించారు. ఊరి అడుగున శిలాద్రవం కదులుతున్నదట. డిసెంబరు 18న ఆ ఊరికి చేరువలో నేల చీలి నిప్పు పైకెగసింది. అంత ఉపద్రవం కమ్ముకొనివచ్చే వేళ జనాన్ని ముందుగా కదలించిన తీరు చూసి, ఈ దేశమేమిటో తెలిసికొందామని పాత అట్లాసు దించాను. వైశాల్యం సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణ కంటె కొంచెం తక్కువ. జనాభా నాలుగు లక్షలకు లోపు. మా గుంటూరు నగరంలోనే అంతకు మించిన జనం ఉన్నారు. భూగోళంలోని రెండు పెద్ద పలకలు ఆ ద్వీపం నడుమ ఏడాదికి రెండు సెంటీమీటర్ల చొప్పున ఎడమవుతున్నాయి. నేల అడుగున కాగే నీటినే గొట్టాల ద్వారా తెచ్చి పదింట తొమ్మిది ఇండ్లను వెచ్చబరచుకొంటారు. రైలు లేదు, సైన్యం లేదు. దోమ కూడా లేని దేశంగా పేరుండేది. 2025 అక్టోబరులో మొట్టమొదటిసారిగా మూడు దోమలు దొరికితే ప్రపంచమంతా వార్త అయింది. ఈ సంగతి చదివి వినిపించినప్పుడు మాత్రం మా ఇంటావిడ ఆ దేశాన్ని కొంచెం గౌరవంగా చూసింది.

ఇంతవరకైతే అది పొద్దుపోని కాలక్షేపమే. ఒక మాట నన్ను అక్కడ కట్టిపడవేసింది.

కంప్యూటరును ఐస్‌లాండు వారు కంప్యూటరు అనరు. 'తోల్వ' అంటారు. 1960లలో ఆ యంత్రం వారి దేశానికి వచ్చినప్పుడు సిగుర్దుర్ నోర్దాల్ అనే సాహిత్యాచార్యుడు ఈ మాట కట్టాడు. వారి భాషలో 'తాల' అంటే అంకె. 'వోల్వ' అంటే జరగబోయేది చెప్పే స్త్రీ, పాత కథలలోని కాలజ్ఞాని. రెండింటినీ కలిపి ఒక్క మాటగా పోత పోశాడు. మన మాటలో చెప్పాలంటే అంకెల ఎరుకలసాని. బుట్ట చంకన పెట్టుకొని, సోది చెబుతానమ్మా సోది అంటూ వీధిలో వచ్చే ఎరుకలసానిని నేను చిన్నతనంలో చూచినవాణ్ణి. ఆమెకు అంకెల విద్య నేర్పి బల్ల మీద కూర్చోబెట్టినట్లు తోచింది ఆ మాట చదవగానే. చాలాసేపు ఒంటరిగా నవ్వుకొన్నాను.

అటుపిమ్మట వెదుకులాట మొదలైంది. టెలిఫోనుకు వారి మాట 'సీమి'. అది క్రొత్త మాట కాదు. పాత గ్రంథాలలో దారం, పోగు అనే అర్థంలో ఉండి వాడుక తప్పిన మాటను దుమ్ము దులిపి తెచ్చుకొన్నారు. విద్యుత్తుకు 'రాఫ్‌మాగ్న్': సీమగుగ్గిలపు బలం. హెలికాప్టరు పేరు గిరగిర తిరగడం అనే క్రియ నుండి పుట్టింది. దూరదర్శనమంటే చూపును విసరడం. మనకూ 'తంతి' ఉండేది. తంతి తపాలా శాఖ అని పెద్ద అక్షరాల బోర్డులుండేవి. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రాము సేవ ముగిసింది. దానితోపాటు ఆ మాటా పోయింది. వారి దారపుపోగు మాత్రం తీగలు పోయిన తరువాత కూడా చేతిఫోను పేరుగా ప్రతివాని జేబులో ఉన్నది.

మాటల వెంట పోతే పద్యం ఎదురైంది. అక్కడే ఈ ముసలి పండితుడు పూర్తిగా చిక్కుపడినాడు.

వారి పద్యంలో యతి ఉన్నది! రెండేసి పాదాలు ఒక జంట. మొదటి పాదంలో రెండుచోట్ల, ఊనిక పడే అక్షరాలలో, ఒకే హల్లు రావాలి. వీనిని 'గుంజలు' అనే అర్థమిచ్చే మాటతో పిలుస్తారు. రెండవ పాదంలో మొదటి ఊనిక మీద అదే హల్లు రావాలి. అది 'తల అక్షరం'. నేనే ఒక జంట తెలుగులో కట్టి చూచుకొన్నాను:

కొండ మీద కోవెల యొకటి
కొమ్మ చాటున దాగి యున్నది

కొండ, కోవెల గుంజలు. కొమ్మ తల అక్షరం. మన యతిలో హల్లుకు తోడు అచ్చుకూ మైత్రి కావాలి గనుక మనది మరికొంత బిగువైన నియమం. వారికి అచ్చులన్నీ ఒకదానికొకటి చుట్టాలే. మనకు అ-ఆ-ఐ-ఔ ఒక కుటుంబం, ఇ-ఈ-ఎ-ఏ మరొకటి, ఉ-ఊ-ఒ-ఓ ఇంకొకటి. అయితే వారికీ పట్టింపులున్నాయి. స్క, స్త, స్ప అనే జంటహల్లులకు మరి దేనితోనూ మైత్రి కుదరదు. స్కకు స్క, స్తకు స్త మాత్రమే. ఈ నియమం చదువుతున్నప్పుడు మా ప్రాచ్య కళాశాలలో యతిభేదాలు వల్లెవేయించిన గురువుగారి గొంతు వినిపించింది నాకు. ఒకప్పుడు ఇంగ్లీషుకూ జర్మనుకూ కూడా ఈ అక్షరమైత్రి ఉండేది. వారు విడిచిపెట్టారు. ఐస్‌లాండు విడువలేదు. ఆ ద్వీపంలో కరిగిన రాయి చల్లారి నిలువు స్తంభాలుగా చీలి నిలబడుతుంది. ఆ రాతిస్తంభాలకూ పద్యంలోని గుంజలకూ వారి భాషలో ఒకే పేరు.

ఈ శాస్త్రాన్ని గ్రంథస్థం చేసినవాడు స్నోరి స్తుర్లుసన్ (1179-1241). పెద్ద భూస్వామి, వారి ప్రజాసభకు ధర్మవక్త, చరిత్రకారుడు. క్రైస్తవం వచ్చి రెండు శతాబ్దాలు దాటేసరికి పాత దేవతల కథలు మరుగున పడుతున్నాయి. ఆ కథలు తెలియకపోతే పాత కవులు వాడిన పర్యాయపదాలు తెలియవు. బంగారాన్ని 'ఫ్రేయా కన్నీరు' అంటారు, ఓడను 'కడలి గుఱ్ఱం' అంటారు. కథ తెలిసినవానికే ఆ మాట విచ్చుకొంటుంది. మన నెలతాల్పు, తమ్మిచూలి, వేవెలుగు వంటివే ఇవన్నీ. అందుకని స్నోరి 'ఎడ్డా' అనే గ్రంథం వ్రాశాడు. అందులో దేవతల కథలు చెప్పాడు, పర్యాయపదాలు వివరించాడు, చివర 102 పద్యాలలో రకరకాల ఛందస్సులకు లక్ష్యాలు చూపి వ్యాఖ్యానించాడు. క్రొత్తగా పద్యం నేర్చుకొనే పడుచువాండ్ర కోసం పడిన పాటు అది. సరిగా ఆ శతాబ్దిలోనే ఇక్కడ తిక్కన భారతం రచిస్తున్నాడు. కేతన తెలుగుకు తెలుగులో మొదటి వ్యాకరణంగా ఆంధ్రభాషాభూషణము కూర్చాడు. ఒకరి ఉనికి ఒకరికి తెలియదు. నడుమ ఎన్ని సముద్రాలు! చేసిన పని మాత్రం ఒక్కటే.

ఆ కాలంలోనే వారి 'సాగా'లు వచనంలో వెలిశాయి. రాజులవీ దేవతలవీ కాదు. ఎక్కువభాగం రైతు కుటుంబాల పగలు, పొత్తులు, పంచాయతీలు. నాకు వాటిలో న్యాల్ సాగా మీద మక్కువ. అందులో గున్నర్ అనే వీరునికి మూడేండ్ల దేశబహిష్కారం పడుతుంది. ఓడ వైపు వెళ్ళుతుండగా గుఱ్ఱం తొట్రుపడి అతడు క్రిందికి దూకుతాడు. వెనుదిరిగి తన పొలాలున్న వాలును చూస్తాడు. ఇంత అందమైన నేలను విడిచి పోనని తిరిగి ఇంటికి వచ్చేస్తాడు. ఆ నిర్ణయానికి ప్రాణమే వెల అవుతుంది. ఈ ఘట్టం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఊరిలో ఇల్లమ్మి హైదరాబాదు వచ్చేయమని మా అబ్బాయి రెండేండ్లుగా అడుగుతున్నాడు. నాకెవరూ శిక్ష వేయలేదు, నా మీద ఎవరికీ పగ లేదు. అయినా వీధి మలుపులో నిలబడి వెనుదిరిగి చూచే మనిషిని గుర్తుపట్టడానికి ఐస్‌లాండువాణ్ణి కానక్కరలేదు.

ఎనిమిది వందల ఏండ్ల నాటి ఆ వచనాన్ని, వర్ణక్రమం కొంత సవరించిన ప్రతులలో, నేటి బడిపిల్లలు చదివి అర్థం చేసికోగలరు. భాష అంత తక్కువ మారింది. నన్ను వేధించిన ప్రశ్న ఇదే: అదెట్లా సాధ్యమైంది? వారు సుఖంగా ఉన్నవారు కారు. 1262 మొదలు నార్వే రాజుకు, తరువాత డెన్మార్కుకు లోబడి ఉన్నారు. 1944 జూన్ 17న గాని గణతంత్రం కాలేదు. 1783లో లాకి చీలికలు నిప్పు కక్కితే ఎనిమిది నెలలు ఆరలేదు. విషవాయువులకు గడ్డి మాడి, పశువులు సగానికి పైగా చచ్చి, కరవుతో జనంలో దాదాపు అయిదవ వంతు పోయారు. మిగిలినవారు ఏం చేశారు? డిసెంబరులో నాలుగైదు గంటలకు మించి పగలుండని ఆ నేల మీద, మట్టిపెల్లలు పేర్చిన ఇండ్లలో, నూనెదీపం చుట్టూ కూర్చుని ఉన్ని వడుకుతూ, అల్లుతూ, ఒకరు చదువుతుండగా అందరూ సాగాలు వినేవారు. మన పల్లెల్లో రామాలయం అరుగు మీద పురాణకాలక్షేపం ఎరిగినవారికి దీనిని వర్ణించనక్కరలేదు. తేడా ఒక్కటే: అక్కడ అది ప్రతి ఇంటిలో, ఇంటి పనితో కలిసి, శతాబ్దాలు సాగింది.

ఆ గ్రంథాలు దూడతోలు మీద వ్రాసినవి. ఒక్క పెద్ద గ్రంథానికి నూరుకు పైగా దూడల తోళ్ళు పట్టాయట. కాలక్రమంలో ఆ తోలు పుటలను కొందరు బట్టల కొలతముక్కలుగా, చెప్పుల అట్టలుగా కూడా వాడుకొన్నారు. అర్ని మాగ్నుసన్ (1663-1730) అనే పండితుడు 1702 నుండి పదేండ్లు భూముల లెక్క వ్రాయడానికి దేశమంతా తిరుగుతూ, ఇల్లిల్లూ అడిగి వాటిని ఏరి తెచ్చాడు. 1728లో కోపెన్‌హేగన్ నగరం తగలబడినప్పుడు ఆయన అచ్చు పుస్తకాలు చాలా కాలిపోయినా వ్రాతప్రతులలో ఎక్కువభాగం దక్కాయి. తన జీతం తాళపత్రాలకు, లేఖకులకు, పండితులకు ఖర్చుపెట్టిన మన బ్రౌను దొర గుర్తుకువచ్చాడు నాకు. 1971 ఏప్రిల్ 21న వాటిలో మొదటి రెండు గ్రంథాలు డెన్మార్కు నుండి ఓడలో రేక్యవిక్ రేవుకు తిరిగి వచ్చాయి. ఆ రోజు వేలాది జనం రేవు దగ్గర నిలబడి ఎదురుచూచారు. సినిమా నటుని కోసం కాదు, క్రికెట్ జట్టు కోసం కాదు; రెండు పాత పుస్తకాల కోసం! ఆ వాక్యం నోటుపుస్తకంలో వ్రాసుకొని రెండుసార్లు గీత గీశాను.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్లు. వారికి రెండు వందల రెట్లకు పైన. ఎనిమిది కోట్ల అంకెను మన సభలలో గర్వంగా చెప్పుకొంటాం, నేనూ చెప్పుకొంటాను. కాని మా పెద్ద మనుమడు ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం తెలుగు వదలి సంస్కృతం తీసికొన్నాడు. నేను వ్రాసిన ఉత్తరం వాడికి వాళ్ళమ్మ చదివి వినిపించాలి. ఎనిమిది కోట్లలో వాడూ ఒకడే. లెక్కలో ఉన్నాడు, చదువరులలో లేడు.

చిన్న మనుమరాలి సంగతి వేరు. ఆరవ తరగతి. మొన్న వేసవి సెలవులకు వచ్చి నా నోటుపుస్తకం చూచి, ఈ ఎరుకలసాని ఎవరని అడిగింది. చెప్పాను. దానికి ఆట దొరికింది. "తాతయ్యా, మరి చార్జరును మనం ఏమనాలి?" అన్నది. నేను అలవాటు కొద్దీ విద్యుత్తుతో మొదలుపెట్టి, పూరకం దాకా వచ్చి, పరికరం దగ్గర ఊపిరి తీసుకొన్నాను. అది నవ్వు ఆపుకోలేక, "అంత పొడుగు చెప్పేలోపు ఫోను చచ్చిపోతుంది తాతయ్యా! ఫోనుకు ఆకలేస్తే పెడతాం కదా. మేతతీగ అందాం" అన్నది. అంతకు ముందురోజే మా తమ్ముడి చావిడిలో గేదెలకు మేత వేసి వచ్చింది అది.

మేత కొఱకు తీగ. రెండూ తెలుగు మాటలే. నిక్కమైన ఆచ్ఛిక సమాసం. పొన్నికంటి తెలగన్న యయాతిచరిత్రమును అచ్చతెలుగులో నడిపిన 16వ శతాబ్ది నుండి మనకున్న విద్యే ఇది. వ్యోమశాస్త్ర గ్రంథాన్ని 1842లో అనువదిస్తూ గ్రహం తిరిగే దీర్ఘవృత్తానికి 'జాడ ఉంగరం' వంటి పేరు పెట్టిన యోనస్ హాల్‌గ్రిమ్సన్ చేసినదీ ఇదే. ఆయన పుట్టిన నవంబరు 16 వారికి భాషాదినోత్సవం, మనకు గిడుగు వారు పుట్టిన ఆగస్టు 29 వలె. సంస్కృత సమాసాల మీద నాకు చిన్నచూపు లేదు. అన్నం పెట్టిన చదువది. అయినా మా ఇంటిలో ఆ పొడుగాటి మాట నా నోటితోనే ఆగిపోయింది. మేతతీగ మాత్రం సాయంత్రానికల్లా వంటయింటిలోకి పోయింది. "ఏమండీ, నా ఫోను మేతతీగ చూశారా?" అని మా ఇంటావిడ అడిగినప్పుడు, ఆమె నవ్వులాటకు అనలేదు, తీగ కోసమే అడిగింది. చిన్నది ఒక కాగితం ముక్క మీద ఆ మాట వంకర అక్షరాలతో వ్రాసి తీగకు అంటించి పోయింది. అది ఇంకా ఊడలేదు.

ఐస్‌లాండులో అంతా సవ్యంగా ఉన్నదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఏడాదికి ఇరువది లక్షలకు పైగా పర్యాటకులు వస్తారు. పిల్లలు ఆడే ఆటలు, చూచే బొమ్మలు, పలకరించే యంత్రాలు ఇంగ్లీషువి. ఇంటిలోని పెద్దవారికే తమ పిల్లల మాట వింతగా వినిపిస్తున్నదని వాపోతున్నారు. 2011లో చట్టం చేసి తమ భాషను జాతీయభాషగా ప్రకటించుకొన్నారు. 2023లో కృత్రిమ మేధ యంత్రాలకు తమ భాష నేర్పడానికి ఆ దేశ ప్రభుత్వం ఓపెన్‌ఏఐ సంస్థతో చేయి కలిపింది. అంకెల ఎరుకలసాని అని పేరు పెట్టినవారు ఇప్పుడు ఆ ఎరుకలసానికి తమ మాట నేర్పవలసి వచ్చింది. చిన్నదేశమని ఊరుకోలేదు, ఎవరైనా చేసిపెడతారని కూర్చోలేదు.

ఈ వయసులో ఈ చదువు దేనికని అడిగేవారికి నా దగ్గర గొప్ప సమాధానం లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు పాఠ్యప్రణాళిక కోసం చదివాను, పరీక్ష కోసం చదివించాను. ఏ పరీక్షా లేని చదువు ఇప్పుడు దొరికింది. ఇంత దూరం పోతే గాని నా యతిమైత్రి, నా పురాణకాలక్షేపం, నా మనుమరాలి నోటి మాట నాకింత దగ్గరగా కనిపించలేదు. ప్రస్తుతం న్యాల్ సాగాను ఇంగ్లీషు అనువాదంలో రెండవసారి చదువుతున్నాను. ఆటవెలదిలో వారి గుంజలను కూడా నిలబెట్టగలనేమోనని ప్రయత్నం చేస్తున్నాను. ఇంతవరకు నాలుగు పద్యాలైనాయి, ఒకటి పరవాలేదు.

నోటుపుస్తకం చివర కొన్ని పుటలు పిల్లల మాటల కోసం వదలిపెట్టాను. మేతతీగ క్రింద ఇంకా చోటున్నది. మీ ఇంటిలో కూడా ఏ పసినోటి నుండైనా ఇటువంటి మాట రాలితే, వ్యాకరణం చూడకముందే వ్రాసిపెట్టుకోండి. ఆ పూటే దానిని వాడండి.

స్వస్తి.